ఆడపిల్లలు గెలిస్తే అది కప్పు కాదా?

2025 మే 11, ఆదివారం కొలంబోలో భారత మహిళల జట్టు ముక్కోణపు వన్డే సిరీస్ గెలిచింది. ఫైనల్లో 342 పరుగులు కొట్టి, సొంతగడ్డ మీద ఆడుతున్న శ్రీలంకను 97 పరుగుల తేడాతో ఓడించింది. ఆ సాయంత్రం విజయనగరం మూడు లాంతర్ల దగ్గర టీ తాగుతున్న కుర్రాళ్లకు ఉన్న బెంగ ఒక్కటే. ఆగిపోయిన ఐపీఎల్ మళ్లీ ఎప్పుడు మొదలవుతుంది? తప్పు ఆ కుర్రాళ్లది కాదు. కొలంబోలో ఒక ఫైనల్ జరుగుతోందని వాళ్లకు చెప్పిందెవరు, చూపించిందెవరు?

పాకిస్థాన్ సరిహద్దుల్లో అంత ఉద్రిక్తత ఉన్నప్పుడు ఆట వార్త వెనక్కి పోవడం సహజమేనని కొందరంటారు. సైనికుల ప్రాణాల ముందు ఏ ఆటా పెద్దది కాదు, ఒప్పుకుంటాం. కానీ ఈ సిరీస్ మొదలైంది ఏప్రిల్ 27న. ఐపీఎల్ ఆగింది మే 9న. మధ్యలో ప్రతి రాత్రీ ఐపీఎల్ నడిచింది, ఎవరి సిక్సర్ ఎన్ని మీటర్లు పోయిందో కూడా చర్చ జరిగింది. సరిహద్దు వేడెక్కక ముందు కూడా ఈ అమ్మాయిలు మన టీవీల్లో లేరు. ఆదివారం పగలంతా ఫైనల్ జరుగుతుంటే, ఇంట్లో రిమోట్ నొక్కి చూద్దామన్నవాళ్లకు ఏ ఛానల్లోనూ దొరకలేదు. ఫోన్లో ఓ యాప్ వెతుక్కోవాల్సి వచ్చింది.

ఆతిథ్యం శ్రీలంకది, ప్రసార హక్కులూ వాళ్లవే, మన క్రికెట్ బోర్డు ఏం చేయగలదు అనే జవాబు సిద్ధంగా ఉంటుంది. 2018 మార్చిలో ఇదే కొలంబోలో, ఇదే ప్రేమదాస స్టేడియంలో, మూడు దేశాల టోర్నీయే జరిగింది. అప్పుడూ ఆతిథ్యం శ్రీలంకదే. బంగ్లాదేశ్‌తో ఫైనల్లో చివరి బంతికి దినేశ్ కార్తీక్ కొట్టిన సిక్సర్ చూడనివాళ్లు ఈ జిల్లాలో ఎంతమంది? మగవాళ్లు ఆడితే హక్కులు ఎవరివైనా ఛానల్ దొరుకుతుంది. ఆడవాళ్లు ఆడేసరికి హక్కుల లెక్కలు గుర్తొస్తాయి.

ఇంతకీ మనం చూడకుండా పోయిన ఆట తక్కువదేం కాదు. ఫైనల్లో స్మృతి మంధాన 101 బంతుల్లో 116 కొట్టింది. మే 7న దక్షిణాఫ్రికా మీద జెమీమా రోడ్రిగ్స్ 123 చేసింది. అంతకు ముందు, ఏప్రిల్ 29న దక్షిణాఫ్రికాతోనే జరిగిన మ్యాచ్ చేతులు మారుతున్న దశలో స్నేహ్ రాణా ఒకే ఓవర్లో మూడు వికెట్లు తీసింది. అందులో ఒకటి సెంచరీ దాటి పాతుకుపోయిన తజ్మిన్ బ్రిట్స్‌ది. తన బౌలింగ్‌లో తానే క్యాచ్ పట్టి ఆమెను పంపేసింది. భారత్ 15 పరుగులతో బయటపడింది. మహిళల ప్రీమియర్ లీగ్ వేలంలో ఎవరూ కొనని బౌలర్ ఈ రాణా. ఎవరికో గాయమైతే బదులుగా లీగ్‌లోకి వచ్చింది. ఈ సిరీస్‌లో అయిదు మ్యాచ్‌ల్లో 15 వికెట్లు తీసింది. ఇదే కథ మగ క్రికెటర్‌ది అయితే ఈపాటికి అతని ఊరు, అతని అమ్మ చేతి వంట కూడా మనకు తెలిసేవి.

మన తెలుగమ్మాయి సంగతి చూడండి. కడప జిల్లా పల్లె నుంచి వచ్చిన ఎడమచేతి స్పిన్నర్ శ్రీచరణి ఈ సిరీస్‌తోనే వన్డేల్లో అడుగుపెట్టింది. మొదటి మ్యాచ్‌లోనే రెండు వికెట్లు తీసింది. రాష్ట్రంలో ఎంతమందికి తెలుసు?

సమానత్వం గురించి బోర్డు ఉపన్యాసాలకు మాత్రం కొదవ లేదు. మహిళలకూ పురుషులతో సమానంగా మ్యాచ్ ఫీజు ఇస్తామని 2022 అక్టోబరులో ప్రకటించి చప్పట్లు కొట్టించుకున్నారు. మంచి నిర్ణయమే, కాదనం. అదే బోర్డు 2024-25 ఏడాది కాంట్రాక్టుల్లో మహిళల్లో అందరికంటే పై గ్రేడుకు ఇచ్చింది 50 లక్షలు. పురుషుల్లో అందరికంటే కింది గ్రేడుకు ఇచ్చింది కోటి. ప్రపంచమంతా చూసే ప్రకటనలో ఒక లెక్క, ఎవరూ పెద్దగా చదవని జాబితాలో ఇంకో లెక్క. ఆట చూపించే దగ్గరా ఇదే రెండు నాల్కల ధోరణి. వాళ్లను ఎవరూ చూడరు కాబట్టి ఆదాయం లేదంటారు. చూపించకుండా ఎవరు చూస్తారు? అడిగితే జవాబుండదు.

ఈ మాట అనడానికి విజయనగరానికి హక్కుంది. 1936లో ఇంగ్లాండ్ వెళ్లిన భారత జట్టుకు కెప్టెన్ విజ్జీ ఈ ఊరి రాజకుటుంబం వాడే. ఆ కెప్టెన్సీ ఆటను బట్టి కాక హోదాను బట్టి వచ్చిందన్నది చరిత్ర. అయినా ఆయన పేరు చెప్పుకుని ఇప్పటికీ మురిసిపోతాం. 2014లో భారత్, శ్రీలంక మహిళల టీ20లు జరిగిన పీవీజీ రాజు మైదానం కూడా ఇక్కడే ఉంది, దాని గురించి చెప్పుకునేవాళ్లు తక్కువ. పక్కనే శ్రీకాకుళం జిల్లా ఊసవానిపేట నుంచి వెళ్లిన కరణం మల్లీశ్వరి 2000లో సిడ్నీలో కాంస్యం తెచ్చింది, ఒలింపిక్ పతకం గెలిచిన తొలి భారత మహిళ. నెల్లిమర్ల దగ్గర కొండవెలగాడలో ఆడపిల్లలు ఇప్పటికీ బరువులెత్తుతున్నారు. ఉత్తరాంధ్ర ఆడపిల్లకు సత్తా లేదని ఎవరూ అనలేరు. ఆమె చేతికి బ్యాట్ ఇచ్చి, మైదానంలో చోటిచ్చి, ఏడాది పొడవునా మ్యాచ్‌లు పెట్టాల్సినవాళ్లే కనిపించడం లేదు. మాకు భయం కూడా అక్కడే. టీవీలో తనలాంటి అమ్మాయి ఆడటం చూడని పిల్ల, నేనూ ఆడతానని ఇంట్లో ఏ ధైర్యంతో అడుగుతుంది?

ఆ ఏడాదే మహిళల వన్డే ప్రపంచకప్ మన ఆతిథ్యంలో జరిగింది. కొలంబోలో మనతో తలపడిన రెండు జట్లూ అందులో ఉన్నాయి. దానికి తయారీగా సాగిన సిరీస్‌నే ఇలా గాలికొదిలేస్తే, రేపటి సిరీస్‌లకూ ఇదే ఆనవాయితీ అవుతుంది. జాతీయ ప్రాధాన్యమున్న మ్యాచ్‌లను ప్రైవేటు ఛానళ్లు దూరదర్శన్‌తో పంచుకోవాలని 2007లోనే చట్టం వచ్చింది. భారత మహిళలు ఆడే ప్రతి వన్డేనూ కేంద్రం ఆ పరిధిలోకి తేవాలి. విదేశాల్లో ఆడే సిరీస్‌లకు మన దగ్గర టీవీ ప్రసారం ఖాయమయ్యాకే జట్టును పంపుతామని బోర్డు గట్టిగా చెప్పాలి. ఆ పలుకుబడి దానికి లేదంటే ఎవరూ నమ్మరు. జిల్లా క్రికెట్ పెద్దలు ఈ సెలవుల్లోనే అమ్మాయిలకు మ్యాచ్‌లు పెట్టాలి, పీవీజీ రాజు మైదానంలోనే పెట్టాలి.

రేపు ఈ జట్టు ఏ పెద్ద కప్పు గెలిచినా శాలువాలు, చెక్కులు, ఫ్లెక్సీలు క్షణాల్లో తయారవుతాయి. ఆ రోజు ఫొటో కోసం ముందు వరసలో తోసుకొచ్చే నాయకులు, అధికారులు, బోర్డు పెద్దలు ఆ కొలంబో ఫైనల్ ఆదివారం ఎక్కడున్నారో ముందు చెప్పి, ఆ తర్వాత శాలువా పట్టుకోవాలి.