క్యూ బిడ్ గారికి నెల్లూరు నుంచి ఒక విన్నపం

మహారాజశ్రీ క్యూ బిడ్ గారి సముఖమునకు,

బ్రిడ్జి పేకాటలో ఎదుటివాడు ‘ఒక ఆఠీను’ అని పాట, అంటే బిడ్, మొదలుపెట్టగానే, అతని సూటునే (పేకల జాతినే) అతని ముఖాన తిప్పికొడుతూ ‘రెండు ఆఠీన్లు’ అంటూ మా బల్ల మీద ప్రత్యక్షమయ్యే తమరికి నెల్లూరు బ్రిడ్జి ఆటగాళ్ల తరఫున ఈ లేఖ రాసుకుంటున్నాను. తమరు ఆఠీన్ల పేరు పలుకుతారు గానీ తమరి దగ్గర ఆఠీన్లు ఉండవు. ఉన్నవేమిటో ఎదురుగా కూర్చున్న భాగస్వామి ఊహించుకోవాలి. ఈ ఏర్పాటు ఎంత గొప్పదో పుస్తకాలలో చదివాము, ఎంత ఖరీదైనదో క్లబ్బులో చూస్తున్నాము.

తమరి పుట్టుకలోని తర్కాన్ని మేము తప్పుపట్టడం లేదు. అవతలివాడు కనీసం నాలుగైదు ఆఠీన్లు చేతపట్టుకుని పాట మొదలుపెట్టిన తరువాత, అదే సూటును తురుపు చేసుకుని ఆడాలని కోరుకునే చేయి మనకు పడటం బహు అరుదు. కాబట్టి ఆ బిడ్ ఎవరికీ అక్కరలేకుండా ఖాళీగా ఉండిపోయింది. ఖాళీ జాగా కనబడితే తెల్లారేసరికి రేకుల షెడ్డు లేచే ఊళ్లో ఉన్నవాళ్లం గనుక, అందులో ఎవరో ఒకరు కాపురం పెట్టడం మాకు ఆశ్చర్యం కలిగించలేదు. ఒకే జాగాకు ఇన్ని దస్తావేజులు ఎలా పుట్టాయన్నదే మా ప్రశ్న.

బ్రిడ్జి గురువు ఎలై కల్బర్ట్‌సన్ రాజ్యమేలిన 1930ల నాడు తమరు మహా బలవంతులు. ఎదుటివారి సూటును నేరుగా పలికితే చేతిలో బోనస్ తెచ్చే గేమ్‌కు సరిపడే బలముందనీ, ఆ సూటులో ఆసు గానీ అసలు ముక్కే లేకపోవడం గానీ ఉందనీ అర్థం. అంతటి చేయి నెలల తరబడి ఎదురుచూసినా రాదు, వచ్చినా ముందు భాగస్వామిని పాడమని పిలిచే డబుల్ చెప్పి తరువాత గట్టిగా పాడుకుంటే పని జరిగిపోతుంది. అలా కొలువు లేక కూర్చున్న తమరికి మయామీ బీచ్ ఆటగాడు మైక్ మైకేల్స్ కొత్త ఉద్యోగం ఇప్పించారు. ఎదుటివాడు కళావరో డైమనో పాడితే, తమరు వచ్చి ఇస్పేట్లు అయిదు, ఆఠీన్లు అయిదు ఉన్నాయని చెప్పాలి. అతను ఆఠీన్లు పాడితే, ఇస్పేట్లు అయిదు, వాటితోపాటు కళావర్లో డైమన్లో మరో అయిదు. ఆ రెండోది ఏదో తెలియాలంటే భాగస్వామి ‘రెండు నో ట్రంప్స్’ (తురుపు లేని ఆట) అని అడగాలి. ఒక్క పలుకులో పది ముక్కల లెక్క అందించే ఈ తెలివికి మేము చేతులెత్తి మొక్కుతాము. అయితే ఆ పది ముక్కల వెనక బలమెంత అన్న దగ్గర తమరు మళ్లీ నోరు మెదపరు. బలహీనమైన చేతికీ, మరీ బలమైన చేతికీ వాడాలే తప్ప మధ్యరకానికి వాడరాదని కొందరు, అన్నిటికీ వాడవచ్చునని మరికొందరు, మేము ముందు పాడి చూసి తరువాత ఆలోచిస్తామని మా క్లబ్బు సభ్యులు.

మా వైపు జతలు ఏ విధంగా కుదురుతాయో తమరికి తెలియకపోవచ్చు. చెన్నై పోటీకి బయలుదేరిన ఇద్దరు, ఒకరు ఒంగోలులోనూ మరొకరు కావలిలోనూ పినాకినీ ఎక్స్‌ప్రెస్ ఎక్కి, టీ గ్లాసులు చేతికొచ్చాక ఒప్పందాలు మొదలుపెడతారు. “మైకేల్స్ ఆడదామా?” అని ఒకరంటే “ఊఁ” అని రెండోవారంటారు. బండి గూడూరు దాటేసరికి సంభాషణ పిల్లల సంబంధాల మీదికి పోతుంది. ఆ “ఊఁ” అనే ఒక్క అక్షరం మీద మీ సిద్ధాంతమంతా నిలబడి ఉంటుంది.

దాని ఫలితం ఒక ఆదివారం సాయంత్రం కళ్లారా చూశాను. అవతలివాడు ఒక ఆఠీను పాడాడు. మావాడి చేతిలో ఇస్పేటు రాజు, రాణి, జాకీతో అయిదు ముక్కలు, కళావరు ఆసు, రాణితో అయిదు ముక్కలు, డైమన్లు రెండు, ఆఠీను ఒక్కటి. పుస్తకం అచ్చువేసినట్టున్న చేయి. ధర్మంగా ‘రెండు ఆఠీన్లు’ అన్నాడు. భాగస్వామి దగ్గర ఇస్పేటు ఒక్కటి, కళావరు రాజుతో నాలుగు. ‘రెండు నో ట్రంప్స్’ అని అడిగి, మూడు కళావర్ల దగ్గర ఆగి, తొమ్మిది పట్లు నెమ్మదిగా పోగుచేసుకోవలసిన సందర్భం. ఆయన తన చేతిలోని మూడు చిన్న ఆఠీన్లను ప్రేమగా సర్దుకుని పాస్ అన్నారు. ఆరు ఆఠీన్లు చేతిలో పెట్టుకున్న మొదటి ఆసామి ఊపిరి బిగబట్టి తానూ పాస్ అన్నాడు. నష్టాన్ని పెంచే డబుల్ చెబితే ఎక్కడ మేలుకుంటారోనని భయం. నాలుగు తురుపులతో, ఎనిమిది పట్లు కావలసిన రెండు ఆఠీన్లు ఆడిన మావాడికి దక్కినవి మూడు పట్లు, తగ్గినవి అయిదు, శిక్ష పెరిగే ‘వల్నరబుల్’ స్థితి కావడంతో నష్టం 500. ఈ స్కోరు పద్ధతిని 1925లో హెరాల్డ్ వాండర్‌బిల్ట్ పనామా కాలువ మీదుగా సాగిన ఓడలో తయారుచేశారు. అప్పటికి తమరు ఇంకా ఈ రూపంలో లేరు గాబట్టి, ఆ శిక్షను ఆయన ఎవరి కోసం రాశారో మాకు ఆ సాయంత్రం అర్థమైంది.

తరువాతి సంభాషణ తమరు వినదగినది.

“రెండు ఆఠీన్లంటే నీకాడ ఆఠీన్లుండాయనుకుంటి సామీ. అందుకే గమ్మునుంటి.”

“మైకేల్స్ ఆడదామంటే ఊఁ అంటివి గదా?”

“అంటి. అదేందో నో ట్రంప్ సంగతనుకుంటి.”

న్యాయానికి ఒక మాట చెప్పాలి. మనవాడు ఒక ఆఠీను పాడి, అవతలివాడు మధ్యలో ఒక ఇస్పేటు అన్నప్పుడు, ‘రెండు ఇస్పేట్లు’ అని వచ్చి, నాకు ఆఠీన్లు నచ్చాయి, పది పాయింట్లకు తక్కువ లేదు అని చెప్పే తమరి అవతారం మీద మాకు ఏ ఫిర్యాదూ లేదు. దానివల్ల ఎగిరి మూడు ఆఠీన్లు అనడాన్ని దారి మూసే బలహీనమైన చేతులకు విడిగా కేటాయించుకోగలిగాము. తమరు ఈ ఒక్క రూపంతో సరిపెట్టుకుని ఉంటే, రంగనాయకులస్వామి గుళ్లో తమరి పేరిట అర్చన చేయించేవాళ్లం.

మూడో అంతస్తుకు వచ్చేసరికి తమరు రెండు సంప్రదాయాలుగా చీలిపోయారు. వెస్టర్న్ వారి ప్రకారం ఎదుటివారి సూటును పలికితే, ఆ సూటులో అడ్డుకునే ముక్క నీకుంటే మూడు నో ట్రంప్స్ పాడు అని భాగస్వామిని అడిగినట్టు. ఈస్టర్న్ వారి ప్రకారం ఆ ముక్క నా దగ్గరే ఉందని చెప్పినట్టు. మా జిల్లాలో పడమరకు వెళితే ఉదయగిరి కొండలు, తూర్పుకు వెళితే మైపాడు సముద్రం, దారి తప్పేవాడు ఉండడు. మా క్లబ్బులో మాత్రం పడమటివాడు అడుగుతాడు, తూర్పువాడు తన దగ్గర లేకపోయినా అవతలివాడు చెప్పాడుగదా అని మూడు నో ట్రంప్స్ పాడతాడు, అడ్డే లేని సూటులో ప్రత్యర్థులు అయిదు పట్లు లాక్కుపోతారు.

వీటన్నిటికీ మించిన చిత్రం అలర్ట్ దగ్గర, అంటే బిడ్‌కు ప్రత్యేక అర్థం ఉందని ప్రత్యర్థులను హెచ్చరించే దగ్గర, ఉంది. ఒప్పందం ఏమిటో తెలుసుకునే హక్కు ప్రత్యర్థులకు ఉంది, చెప్పవలసింది బిడ్ వేసినవాడు కాదు, అతని భాగస్వామి. ఆయన తప్పు చెబుతున్నాడని తెలిసినా, బిడ్ వేసినవాడు కనుబొమ కదపకుండా, ఆ వివరణ చెవిన పడనట్టే మిగతా పాట పాడాలి. ఆడేది మన జత అయితే మొదటి ముక్క పడకముందే ఆ తప్పును సరిదిద్దాలి, అడ్డుకునే జత అయితే ఆట ముగిసేదాకా నోరు కట్టుకోవాలి. చుట్టుపక్కల బల్లలకు వినబడేలా ముక్క విసిరే నెల్లూరువాడిని ఇంతటి మౌనవ్రతంలో కూర్చోబెట్టిన ఘనత తమరిదే.

కనుక మా విన్నపం ఇది. ఏ స్థానంలో ఏ అర్థంతో వస్తున్నారో, ఎంత బలంతో వస్తున్నారో, కాగితం మీద రాసి ఇద్దరి సంతకాలు ఉన్న జతల మధ్యకే తమరు దయచేయండి. సంతకాలు లేని చోట ‘రెండు ఆఠీన్లు’ అన్న బిడ్‌ను ఎవరికీ అద్దెకివ్వకుండా ఖాళీగానే ఉంచండి. మావాళ్లు ఒక ఇస్పేటు అని ఊరుకుంటారు, చేతిలోని అయిదు కళావరు ముక్కల సంగతి చెప్పకుండా పోయినా 500 మిగులుతుంది.

ఇట్లు,
తమరి బాధితులలో ఒకడు,
నెల్లూరు.

తా.క.: ఎదుటివారు బలహీనమైన రెండు ఆఠీన్లతోనో ఇస్పేట్లతోనో పాట మొదలుపెడితే, ఎకాఎకి నాలుగు కళావర్లకో నాలుగు డైమన్లకో దూకి ఆ సూటునూ, ఇస్పేటు, ఆఠీను అనే మేజర్లలో మిగిలిన రెండో మేజర్‌నూ కలిపి చూపించే లీపింగ్ మైకేల్స్ అనే తమరి తమ్ముడుగారిని ఒంగోలు మిత్రుడొకరు వచ్చే ఆదివారం వెంటబెట్టుకొస్తున్నారని తెలిసింది. వారిని దయచేసి కావలిలోనే దింపేయగలరు.