మేడారం యాట సరే, మన పాల డబ్బా సంగతేంటి?

ఇక్కడ అమెరికాలో వీగన్ తిండి (మాంసం, గుడ్లే కాదు, పాలు, పెరుగు కూడా ముట్టని తిండి) మీద మనవాళ్ల పంచాయితీ "సహజం" అనే మాట దగ్గర మొదలై అక్కడే తెగకుండా ఆగిపోతుంది. పాలు, పెరుగు మానేయడం ప్రకృతి విరుద్ధమని పెద్దలు. మనిషి పుట్టుకతోనే శాకాహారి అని పిల్లలు. నన్నడిగితే ఇద్దరూ అసలు సంగతి వదిలేశారు.

వరంగల్ వైపు నుంచి వచ్చినవాళ్లం, మన తాతలు మాంసం ముట్టలేదంటే నమ్మేదెవరు? 2014 నాటి కేంద్ర సర్వేలో తెలంగాణలో పదిహేనేళ్లు నిండినవాళ్లలో దాదాపు 99 శాతం మాంసాహారులే. మేడారం జాతరలో సమ్మక్కకు నిలువెత్తు బంగారమని బెల్లం ఇస్తాం, యాటనూ (మేకనో గొర్రెనో) కోస్తాం. కాకపోతే యాటకూర దావత్ నాటి తిండి. రోజూ తిన్నది మక్క గట్క, జొన్నరొట్టె, పప్పుచారు, పుంటికూర. నువ్వుల పొడి వేసిన పచ్చిపులుసులో, పల్లీలు, శనగపప్పు కలిపి గిన్నెకు ఒత్తిన సర్వపిండిలో, వాము సకినాల్లో పాలచుక్క ఎక్కడుంది? బతుకమ్మ నైవేద్యాలే తీసుకోండి. నానబియ్యంలో పాలు, వెన్నముద్దల్లో వెన్న, మలీదలో నెయ్యి, సద్దుల్లో పెరుగు సద్ది లాంటివి పక్కన పెడితే చాలావరకు నువ్వులు, అటుకులు, బియ్యప్పిండి, బెల్లమే. (ఆరో రోజు అమ్మ అలుగుతుంది, ఏమీ పెట్టం. అది పక్కా వీగన్!) అయినా ఇక్కడి మన సంఘం వేడుకల్లో వీగన్ పిల్లల చేతిలో సలాడ్ డబ్బా పెట్టి కూర్చోబెడుతున్నాం. అది మన బద్ధకం తప్ప మన వంటల లోపం కాదు.

ఆరోగ్యం మాట కొస్తే, తెల్లన్నమూ వీగనే, నూనెలో వేయించిన సకినాలూ వీగనే. వాటితో షుగర్ తగ్గదు. పప్పులు, నువ్వులు, ఆకుకూరలతో చాలావరకు నడుస్తుంది కానీ విటమిన్ బీ12 ఒక్కటి మొక్కల్లో దొరకదు, దాన్ని తయారుచేసేది బ్యాక్టీరియా. ఇక్కడ పెద్దవాళ్లకు రోజుకు 2.4 మైక్రోగ్రాములు కావాలంటారు. ఒంట్లో ఉన్న నిల్వతో కొన్నేళ్లు గడిచిపోతుంది కాబట్టి లోటు వెంటనే బయటపడదు. తర్వాత రక్తహీనత, కాళ్లూ చేతుల తిమ్మిర్లు. గోలీ వేసుకోవాల్సిందే. గర్భిణులు, చిన్నపిల్లల విషయంలో డాక్టర్ని అడగకుండా ప్రయోగాలు వద్దు. "గోలీ మింగే తిండి సహజమెలా అవుతుంది?" అని ఎదురడిగే పెద్దమనిషి ఇంట్లో ఉప్పులో అయోడిన్, పాలల్లో విటమిన్ డి కలిపే ఉంటాయి.

అసలు పేచీ పాల దగ్గరుంది. ఊళ్లో బర్రెను పిండే ముందు దుడ్డెను విడుస్తారు. అది నాలుగు గుక్కలు తాగితేనే బర్రె చేపుతుంది. అక్కడంతా దయే అనను. మగ దుడ్డెకు దక్కేది అరకడుపు పాలు, ఆ తర్వాత సంత. అయినా ఆ రెండు బర్రెల మీదే ఇల్లు గడుస్తుంది. ముల్కనూరులో ఆడవాళ్లే సభ్యులుగా నడుపుకుంటున్న డెయిరీ ఉంది. వాళ్ల ముందు నిలబడి పాలు పాపమని చెప్పే ధైర్యం నాకు లేదు, చెప్పాలనీ లేదు.

అమెరికా లెక్క వేరు. ఇక్కడి పెద్ద డెయిరీల్లో మామూలుగా దూడను పుట్టిన ఒకటి రెండు రోజుల్లోనే తల్లి నుంచి విడదీస్తారు. మగదూడలు చివరికి మాంసానికే పోతాయి, పాలు తగ్గిన ఆవు కూడా అంతే. ఆ గ్యాలన్ పాలే తెచ్చి తోడుపెట్టుకుని, "మేం ప్యూర్ వెజ్, హింస జోలికి పోం" అంటూ మేడారం వీడియో కింద నీతులు రాయడం ఏం న్యాయం? చేతిలో డబ్బుంది, స్టోర్లో సోయా పాలున్నాయి, రక్తపరీక్షకు ఇన్సూరెన్స్ ఉంది. ఇన్ని ఉన్న మనకు వీగన్ దారి న్యాయమైనదే అని నా అభిప్రాయం.

అదే నీతిని మేడారం ఉన్న ములుగు జిల్లాలో అంగన్‌వాడీ గుమ్మం దాకా మోసుకెళ్తే మాత్రం ఒప్పుకోను. 2019-21 కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో 15-49 ఏళ్ల ఆడవాళ్లలో 57.6 శాతం మందికి రక్తహీనత. 2015లో మొదలైన ఆరోగ్యలక్ష్మి పథకంలో గర్భిణులకు, బాలింతలకు రోజూ ఒక పూట భోజనంతోపాటు గుడ్డు, 200 మిల్లీలీటర్ల పాలు ఇస్తారు. ఆ గుడ్డును వెక్కిరించే ఫార్వర్డ్‌లు మన గ్రూపుల్లో తిరుగుతున్నాయి. తీరా చూస్తే అవి పంపేవాళ్లలో వీగన్లు తక్కువ, గుడ్డు తినేవాళ్లను పక్కన కూర్చోబెట్టుకోని పాత మడి మనుషులే ఎక్కువ.