దొంగలెవరో, దొరలెవరో!

బైరాగిపట్టెడ గదిలో రాత్రంతా నెట్ నడిపి కొత్త గేమ్ దించుకున్నా. షేడర్ల (తెర మీద బొమ్మలు గీసే చిన్న ప్రోగ్రాముల) గీత నత్తలా నిండింది, మ్యాచ్‌కి ముందు ఆగే లాబీ కూడా వచ్చింది. మ్యాచ్ నొక్కగానే బయటికి గెంటేశారు! విండోస్ బదులు లినక్స్ వాడేవాడు గేమ్‌లో మోసం చేసే దొంగేనంట.

2018లో ప్రోటాన్ అనే సాఫ్ట్‌వేర్ వచ్చాక విండోస్ గేములు చాలావరకు లినక్స్‌లోనూ బ్రహ్మాండంగా నడుస్తున్నాయి. గేముల్లో దొంగల్ని పట్టే ఈజీ యాంటీ చీట్, బ్యాటిల్‌ఐ కూడా 2021లోనే ప్రోటాన్‌కి సై అన్నాయి. గేమ్ తీసినవాళ్లు ఒప్పుకుంటే చాలు. ఆ ఒప్పుకోవడానికే వీళ్లకు చేతులు రావు. విండోస్‌లో మాత్రం గోడల్లోంచి చూసి కాల్చేవాళ్లకు కొదవా?

డెస్క్‌టాప్ యాప్‌ల సంగతి సరేసరి. ఉత్త చాట్ యాప్ తెరిచినా లోపల బ్రౌజరంతా మోసుకొస్తుంది, ర్యామ్ హాంఫట్.

"విండోస్ వేసుకో మచ్చా, గొడవ వదిలిపోతాది" అంటాడు పక్కగదివాడు. ఎందుకు వేసుకోవాలి? గేమ్ డబ్బులంటే వెనక్కొస్తాయి, దించడానికి పోయిన నెట్ డేటా ఎవరిస్తారు?