కర్చీఫ్ వేస్తే సీటు మనదే
బస్సు కిటికీలోంచి కర్చీఫ్ వేసి సీటు ఆపుకునేవాళ్ళం కదండీ, ఆ కర్చీఫుల కాలం పోయింది. 2025 ఆగస్టు 15న ఏపీలో ఆడవాళ్ళకి ఫ్రీ బస్సు పెట్టాక మా ఆవిడ ఏకంగా హ్యాండ్‌బ్యాగే విసిరేస్తోంది, పల్లె వెలుగు ఇంకా సరిగ్గా ఆగనే ఆగదు ఈలోపే సీటు రిజర్వు. మొన్న తణుకులో నేనూ ఊరుకోలేక తువ్వాలు విసిరితే అది పోయిపోయి లోపల కూర్చున్న పెద్దాయన నెత్తిన పడింది, ఆయన తీరిగ్గా దాంతోనే మొహం తుడుచుకుని, మడతపెట్టి ఇచ్చి "ఇది లేడీస్ సీటు బాబూ" అన్నాడు. మరి తమరో అని అడిగే ధైర్యం లేక (మీసాలు అలా ఉన్నాయి లెండి) భీమవరం దాకా నిలబడే వెళ్ళా. ఆవిడకి జీరో టికెట్టు, నాకు ఫుల్ టికెట్టు, ఆ హ్యాండ్‌బ్యాగు మోసింది కూడా నేనే.