మా నాన్న కాంట్రాక్టర్ ఎప్పుడయ్యాడో నాకూ చెప్పండి

ఇప్పుడే ఫ్లెక్స్ షాపు నుంచి వచ్చాను. ఒళ్లు మండిపోతోంది. ఎల్లుండి నాన్న సంవత్సరీకం. నేను రాసిచ్చింది 'పొక్లెయిన్ ఆపరేటర్' అని. ప్రింటై వచ్చింది 'సివిల్ కాంట్రాక్టర్' అని. షాపు కుర్రాడు తల గోక్కుంటూ, "మీ పెదనాన్నగారు ఫోన్ చేసి మార్పించారండీ" అన్నాడు.

పెదనాన్నని అడిగితే ఏమన్నాడో తెలుసా? "ఇంట్లో పెళ్లికెదిగిన పిల్లుంది కదరా, డ్రైవర్ అని ఊరంతా చాటుకుంటామా?"

డ్రైవరట! పొక్లెయిన్ అంటే చైన్ల మీద నడిచే తవ్వకం మిషన్, దానికి అసలు స్టీరింగే ఉండదు మహానుభావా. రెండు చేతుల్లో రెండు లివర్లు, చైన్లు కదపడానికి కాళ్ల దగ్గర పెడల్స్. వాటితోనే పోలవరం కుడి కాలువ గట్టు వాలుని బకెట్ వీపుతో అలికినట్టు చదును చేసేవాడు నాన్న. 174 కిలోమీటర్ల కాలువ అది. 2015లో పట్టిసీమ దగ్గర ఎత్తిపోసిన గోదావరి నీళ్లు అందులోంచి కృష్ణకి పారుతుంటే టీవీలో హారతులు చూపించారు. నాన్న వేరుశనక్కాయలు ఒలుచుకుంటూ "ఆ వంపు నాదే" అన్నాడు. అంతే, మళ్లీ ఆ మాటే ఎత్తలేదు.

మనవాళ్లకి పసుపు రంగులో ఏది కనిపించినా జేసీబీయే. చక్రాలూ స్టీరింగూ ఉన్న ఆ బండి వేరని ఎవరికీ పట్టదు. 2019లో 'జేసీబీ కీ ఖుదాయి' అని జేసీబీ తవ్వకాల మీద మీమ్‌లు పెట్టుకుని దేశమంతా పడీపడీ నవ్వింది కదా, క్యాబిన్‌లో మనిషి ఉన్నాడని ఒక్కడికైనా తట్టిందా?

కాంట్రాక్టరే అయితే మేమింకా ఈ రేకుల ఇంట్లో ఎందుకుంటాం?

నాలుగు గోడల మధ్య ఆయనకి నిద్ర పట్టేది కాదు. కంపెనీ గది ఇచ్చినా మంచం కాలువ గట్టు మీదే. సెలవు దొరికితే గూడబాతులని చూడ్డానికి ఆటపాక పక్షుల కేంద్రానికి పోయేవాడు. "పెళ్లానికి లేని టైము బాతులకుంటుంది" అని అమ్మ సణిగేది. తీతువు నెత్తి మీద అరుస్తూ తిరిగితే కూలీలు అపశకునం అనేవాళ్లు. నాన్న మాత్రం మిషన్ ఆపి కిందికి దిగేవాడు. ఆ పిట్ట నేల మీదే గుడ్లు పెడుతుంది, రాళ్ల మధ్య రాళ్లలాగే ఉంటాయి. దొరికితే చుట్టూ నాలుగు పుల్లలు పాతి, ఆ ముక్క వదిలేసి తవ్వేవాడు. సూపర్‌వైజర్ చేత తిట్లు మామూలే.

సరే, అసలు సంగతి చెప్పేస్తాను. కొల్లేట్లో పెదనాన్న చేపల చెరువు తవ్వింది నాన్నే. "తమ్ముడివేగా" అని ఒక్క గంటకీ డబ్బులివ్వలేదు. మిషన్ ఓనరేమో ఆ గంటలన్నీ నాన్న జీతంలో కోసుకున్నాడు. 2006లో ఆపరేషన్ కొల్లేరు అని ఐదో కాంటూరు లోపల, అంటే సముద్రమట్టానికి ఐదడుగుల ఎత్తు దాకా ఉన్న సరస్సు నేలలో, చేపల చెరువులు కొట్టేశారే, ఆ డ్యూటీ కూడా నాన్నకే పడింది. తను వేసిన గట్టు తనే తెంచాడు. అప్పటిదాకా "మా తమ్ముడు" అన్న నోరు ఆ రోజు నుంచి "ఆ డ్రైవర్ గాడు" అంది. ఇప్పుడు పరువంట, పెళ్లి సంబంధాలంట!

ఆపరేటర్ అనే మళ్లీ వేయమన్నాను. నా డబ్బులతోనే. పక్కన పొక్లెయిన్ బొమ్మ కూడా పెట్టమన్నాను. ఇందాకే వాట్సాప్‌లో డిజైన్ పంపాడు.

జేసీబీ బొమ్మ పెట్టాడు.