మేనేజరు మెడలో పడే కండువా గారికి

మహారాజశ్రీ నీలిరంగు ఉన్ని కండువా గారికి,
స్టాంఫర్డ్ బ్రిడ్జి, లండన్.

విజయనగరం నుంచి, లండన్ ఫుట్‌బాల్ క్లబ్బు చెల్సీ అభిమాని ఒకడు నమస్కరించి వ్రాయునది. ఇక్కడ మేమంతా క్షేమం. తమరి క్షేమం టీవీలో చూస్తూనే ఉన్నాం. తమరిని పట్టుకునే చేతులకే నిలకడ లేదు.

మళ్లీ ఒక కొత్త మేనేజరు చేతుల్లో తమరి ఫొటో వచ్చింది. ఆయన పేరు ఇక్కడ రాయను. ఈ ఉత్తరం సముద్రాలు దాటి తమరికి చేరేలోగా ఆ పేరు పాతబడిపోతే నేను నవ్వులపాలవుతాను. ఫొటో మాత్రం ఎప్పుడూ ఒకటే. రెండు చేతులతో తమరిని చాచి పట్టుకోవడం, పళ్లన్నీ కనిపించేలా నవ్వడం. నిన్నటిదాకా ఏ జట్టు అన్నం తిన్నారో, మా జట్టును ఎన్నెన్ని మాటలన్నారో ఎవరూ అడగకూడదు. తమరు తగిలితే పాత ఖాతాలన్నీ మాఫీ.

ఈ మహిమ తమరొక్కరికే ఉందనుకుంటే పొరపాటు. మా దగ్గర ఎన్నికల కాలంలో ఇది రోజూ జరిగే తంతు. సాయంత్రం సభలో ఎదుటి పార్టీని దుమ్మెత్తిపోసిన పెద్దమనిషి, తెల్లారేసరికి అదే పార్టీ కండువా కప్పించుకుని సొంతగూటికి చేరినంత ఆనందంగా ఉందంటారు. నిన్నటి మాటల సంగతేమిటని విలేకరి అడిగితే, నియోజకవర్గ అభివృద్ధి కోసమేనంటారు. మీ దేశంలో నియోజకవర్గానికి బదులు ‘ప్రాజెక్టు’ ఉంది. వచ్చిన ప్రతి మేనేజరూ క్లబ్బు ప్రాజెక్టు నచ్చి వచ్చినవారే. జీతం నచ్చి వచ్చానన్న మహానుభావుడు ఇంతవరకు మాకు తారసపడలేదు.

తమరి ప్రతాపం మాకు పూర్తిగా తెలిసింది 2012లో. ఆ ఏడాది మే 19న మ్యూనిక్‌లో, బయర్న్ జట్టును దాని సొంత మైదానంలోనే పెనాల్టీల్లో ఓడించి, చెల్సీకి ఐరోపా క్లబ్బుల అతిపెద్ద కప్పు ఛాంపియన్స్ లీగ్‌ను మొట్టమొదటిసారి తెచ్చిపెట్టిన మేనేజరు రాబర్టో డి మాటియో. ఆరు నెలలు తిరిగాయో లేదో, నవంబరులో టూరిన్‌లో యువెంటస్ చేతిలో 3–0తో ఓడిన మర్నాడే ఆయనను సాగనంపారు. అదే రోజు తమరు వెళ్లి వెళ్లి రఫా బెనిటెజ్ మెడలో వాలారు. లివర్‌పూల్ మేనేజరుగా 2005లోనూ 2007లోనూ సెమీఫైనల్లో మమ్మల్ని ఇంటికి పంపిన మనిషి ఆయన. అది చాలదన్నట్టు, మా స్టేడియంలో జెండాలు పంచిపెడితేనే గొంతులు లేస్తాయని, తమ అభిమానులకు గుండె ఒక్కటే చాలని ఎత్తిపొడిచిన మనిషి కూడా ఆయనే.

మాంచెస్టర్ సిటీతో ఆయన మొదటి ఆటకు మా స్టేడియం స్టాంఫర్డ్ బ్రిడ్జి అంతా ఈలలు, కేకలు. 16వ నిమిషం రాగానే జనం లేచి చప్పట్లు కొట్టారు. అవి డి మాటియోకు. ఆటగాడిగా ఆయన చొక్కా నంబరు 16. ఆట మాత్రం 0–0తో ముగిసింది, ఏ పక్షానికీ ఏమీ దక్కలేదు.

విజయనగరంలోనూ నిరసన గట్టిగానే సాగింది. బెనిటెజ్ ఉన్నన్నాళ్లూ చెల్సీ ఆట చూసేది లేదని మా బావ గంట స్తంభం దగ్గరి టీ కొట్టులో పదిమంది ముందు ప్రకటించాడు. ఆ ప్రకటన లండన్‌కు అందిన దాఖలాలు లేవు. శపథం సంక్రాంతి దాకా కూడా నిలవలేదు. చూడకపోతే తిట్టడానికి వివరాలు ఎక్కడి నుంచి వస్తాయని వాడి వాదన. నాకూ సబబుగానే తోచింది.

ఆయన హోదాకు ముందు క్లబ్బువారు ‘తాత్కాలిక’ అని తగిలించారు. 2013 ఫిబ్రవరిలో మిడిల్స్‌బ్రోలో గెలిచిన రాత్రి ఆయనకే విసుగొచ్చింది. ఆ మాట పెట్టడమే క్లబ్బు చేసిన తప్పని, అభిమానులు పాటలతో బ్యానర్లతో కాలం వృథా చేస్తున్నారని, సీజను కాగానే తన దారి తాను చూసుకుంటానని విలేకరుల ముందు కుండబద్దలు కొట్టారు. ఆయన మీద మాకు కాస్త గౌరవం కలిగింది ఆ రాత్రే. బయటికి చెప్పుకోలేదు.

మే 15న ఆమ్‌స్టర్‌డామ్‌లో ఐరోపా రెండో కప్పు, యూరోపా లీగ్ ఫైనల్. మాకు అర్ధరాత్రి దాటాక మొదలు. రాష్ట్రమంతా కరెంటు కోతల కాలం అది. ఇన్వర్టరున్న ఇల్లు మా గుంపులో బావది ఒక్కటే కాబట్టి, శపథం చేసినవాడి ఇంట్లోనే అందరం కూర్చున్నాం. బెన్ఫికాతో 1–1 మీద ఉండగా, అదనపు సమయం తప్పదనుకున్న ఘడియలో కార్నర్ కిక్ వచ్చింది. మా ఇవనోవిచ్ తలతో కొట్టాడు. గోలు. బావ ఎగిరిన ఎగురుడుకు మంచం కోడు విరిగింది. కప్పు ఎవరి పుణ్యమని అడిగాను. ఇవనోవిచ్ పుణ్యమన్నాడు. ఇవనోవిచ్‌ను ఆడించిందెవరని అడిగాను. నిద్రొస్తోందన్నాడు.

లీగులో మూడో స్థానం, చేతిలో ఐరోపా కప్పు. ఆ రెండూ మాకు అప్పగించి బెనిటెజ్ వెళ్లిపోయారు. తర్వాత 2021లో లివర్‌పూల్ ఊళ్లోనే, దాని బద్ధ శత్రువు ఎవర్టన్ కండువా పట్టుకున్నారు. ఒకప్పుడు చిన్న క్లబ్బని తానే అన్న క్లబ్బు అది. ఏడు నెలలు తిరగకుండానే దింపేశారు.

ఇక జోసె మౌరిన్హో. ఆయన చేతుల్లో తమ జాతి పడిన పాట్లు చెప్పనలవి కాదు. మాకు మూడు లీగ్ టైటిళ్లు తెచ్చిన మనిషి. చెల్సీ అభిమానుల మీద ఇంత ప్రేమ పెట్టుకుని లండన్‌లోనే మా ప్రత్యర్థి టోటెన్‌హామ్‌కు పనిచేయలేనని చెప్పిన మనిషి. 2015 డిసెంబరులో మావాళ్లు పీకేశారు. 2017లో మాంచెస్టర్ యునైటెడ్‌తో తిరిగొస్తే మావాళ్లు జూడాస్ అని, అంటే ద్రోహి అని అరిచారు. మీకు నాలుగు టైటిళ్లు తెచ్చేవాడు దొరికేదాకా ఈ జూడాసే నంబర్ వన్ అని ఆయన సమాధానం. 2019లో ఆ టోటెన్‌హామ్‌లోనే చేరారు. పాత ప్రేమ మాటేమిటని అడిగితే, అది మీవాళ్లు నన్ను తీసేయక ముందు మాట అన్నారు. క్లబ్బు పైజమా వేసుకునే పడుకున్నానని కూడా సెలవిచ్చారు. కండువా సరిపోక పైజమా దాకా వెళ్లినవారు మా రాజకీయాల్లో కూడా లేరు. పదిహేడు నెలలకు, లీగ్ కప్ ఫైనల్ ఇంకో ఆరు రోజులుందనగా, టోటెన్‌హామ్ ఆయనకు దండం పెట్టేసింది. ఆయన కోసం అక్కడ కుర్చీ ఖాళీ చేసిన పొచెట్టినో 2023లో మా దగ్గరికి వచ్చి తమరిని పట్టుకున్నారు. ఆయనా ఏడాదే.

ఇది ఈనాటి వింత కూడా కాదు. ఏళ్ల తరబడి లీడ్స్ జట్టును తిట్టిపోసిన బ్రయాన్ క్లఫ్‌ను 1974లో ఆ జట్టుకే మేనేజరును చేశారు. 44 రోజులు. ఆర్సెనల్‌కు రెండు టైటిళ్లు గెలిచిన జార్జ్ గ్రాహం 1998లో ఎదురింటి టోటెన్‌హామ్‌కు వెళితే, అక్కడివాళ్లు ఆయన పేరు నోట పలకలేక ‘రెయిన్‌కోటు మనిషి’ అని పాట కట్టుకున్నారు. మరుసటి ఏడాదే లీగ్ కప్ గెలిచినా పేరు పలకని పంతం అది. మా బావ వింటే ముచ్చటపడతాడు.

వివాదాస్పద నియామకాల్లో మా ఊరు కూడా తీసిపోదని తమరికి మనవి చేయాలి. 1936లో ఇంగ్లండు వెళ్లిన భారత క్రికెట్ జట్టుకు కెప్టెన్ మా సంస్థానం బిడ్డ, మహారాజకుమార్ విజయానంద గజపతిరాజు. లోకానికి విజ్జీ. మొదటి టెస్టు కెప్టెన్, తెలుగు మూలాలున్న సి.కె. నాయుడు అదే జట్టులో ఆటగాడిగా ఉండగా ఈయన నాయకుడయ్యారు. కారణం ఆట కాదని, ధనం, పలుకుబడి అని అప్పుడూ అన్నారు, ఇప్పుడూ అంటారు. మంచి ఊపు మీదున్న లాలా అమర్‌నాథ్‌ను క్రమశిక్షణ పేరుతో మొదటి టెస్టుకు ముందే ఓడెక్కించి ఇంటికి పంపారు. మూడు టెస్టుల్లో రెండు పోయాయి. కెప్టెన్ గారి పరుగులు మొత్తం 33, సగటు 8.25. ఆ పర్యటనలోనే సర్ బిరుదు కూడా వచ్చింది. పొద్దున్నే నడకకు వెళితే కనిపిస్తుంది, ఊళ్లోని స్టేడియం పేరు విజ్జీ స్టేడియమే.

ఆయనను వెనకేసుకురావడం నా పని కాదు. కానీ ఒక్క సంగతి చూడండి. ఆటకు డబ్బు పోసిన మనిషి ఆయనే. 1930–31లో పేరుమోసిన బ్యాటర్లు హాబ్స్, సట్‌క్లిఫ్‌లను ఇంగ్లండు నుంచి రప్పించి తన జట్టులో ఆడించుకున్నది ఆయనే. పదవి కావాలన్నదీ ఆయనే, బ్యాటు పట్టుకుని దిగిందీ ఆయనే, అవుటై తిరిగొచ్చిందీ ఆయనే. ఆ 33 పరుగులు ఆయన పేరు ఎదురుగానే ఉన్నాయి. తొంభై ఏళ్లుగా తిట్లు కూడా నేరుగా ఆయన చిరునామాకే వెళుతున్నాయి.

తమరి దగ్గర ఆ సౌకర్యం ఎక్కడుంది? డి మాటియోను తీసేసి బెనిటెజ్‌ను తెచ్చింది బెనిటెజ్ కాదు కదా. స్టేడియమంతా లేచి అరిచింది మాత్రం ఆయన మీద. 2011లో ఆఖరి ఆట ముగిసిన కాసేపటికే, ఎవర్టన్ స్టేడియం నడవాలో అప్పటి మా మేనేజరు ఆంచెలొట్టికి ఉద్వాసన చెప్పినప్పుడు తమరు ఎవరి మెడలో ఉన్నారు? అంతకు ముందు ఏడాదే లీగూ ఎఫ్.ఎ. కప్పూ రెండూ గెలిచిన మనిషి ఆయన. లీగు గెలిపించిన మేనేజరు ఆంటోనియో కాంటేను 2018లో తీసేసినందుకు వ్యాజ్యం ఖర్చులతో కలిపి 2 కోట్ల 66 లక్షల పౌండ్లు వదిలాయి. ఆ లెక్క మీద సంతకం పెట్టిన చేతిని పట్టుకుని ఒక్క ఫొటో దిగారా? 2022లో యజమానులు మారారు. మేనేజర్లను మార్చే వేగం మాత్రం మారలేదు. ఎంపిక చేసేవారు పైన గాజు గదిలో కూర్చుంటారు. తమరిని కప్పి ఒకరిని కిందికి పంపుతారు. మేము ఆ ఒకరిని తిడతాం. మూడు ఆటలు వరసగా గెలిస్తే ఆయనను పొగుడుతాం. పై గదివారికి రెండిట్లోనూ నిద్ర చెడదు.

అందుచేత నా విన్నపం. ఈసారి కొత్త నియామకం జరిగినప్పుడు తమరు ఆ నియమించినవారి మెడలో పడండి. వారే ఫొటో దిగాలి. ప్రాజెక్టు అంటే ఏమిటో వారే వివరించాలి. మొదటి ఓటమి నాటి రాత్రి విలేకరుల ముందు వారే కూర్చోవాలి, వానలో గీత పక్కన నిలబడి వారే ఈలలు వినాలి. అప్పుడు కూడా మావాళ్లు అరుస్తారు, అందులో సందేహం లేదు. అరుపు సరైన చిరునామాకు చేరుతుంది, అంతే.

ఒప్పుకుంటారని నాకు నమ్మకం లేదు. మీ కుటుంబానికి యజమానుల మెడలంటే భయమని విన్నాను.

ఇట్లు,
తమరి నకలును మే నెలలో మెడకు చుట్టుకుని చెమటకాయలు తెచ్చుకున్న
ఒక విజయనగరం విధేయుడు

తా.క.: తొలగింపు ప్రకటన క్లబ్బువారి దగ్గర ఎలాగూ సిద్ధంగా ఉంటుంది. సేవలకు కృతజ్ఞతలు, భవిష్యత్తుకు శుభాకాంక్షలు, ఇకపై వ్యాఖ్యానించబోం. ఆ కాగితంలో పేరు మార్చేటప్పుడు పాతాయన పేరు ఎక్కడా మిగిలిపోకుండా చూసుకోమని కాస్త చెప్పండి.