సబ్మిట్ నొక్కాక ఎవరు చూడాలి?

మా ఊరి లైబ్రరీ వరండాలో ప్రతి ఆదివారం పొద్దున ఒక బల్ల వేసుకుని కూర్చుంటాం. కొత్త రేషన్ కార్డు కావాల్సిన వాళ్లు, ఉన్న కార్డులో పిల్లల పేర్లు ఎక్కించుకోవాల్సిన వాళ్లు వస్తారు. కాగితాలు చూసి ఫారం నింపి ఇస్తాం. తర్వాత దాన్ని మీసేవలో ఆన్‌లైన్ చేస్తారు. మాది తెలంగాణలోని జగిత్యాల జిల్లాలో బీడీలు చుట్టే ఊరు. మగవాళ్లలో చాలామంది గల్ఫ్‌లోనో మహారాష్ట్రలోని భీవండిలోనో ఉంటారు. ఆఫీసుల చుట్టూ తిరిగే పని ఆడవాళ్ల మీదే పడుతుంది.

ఆ బల్ల దగ్గర ఇద్దరు లేకపోతే పని నడవదు. ఒకరు అంగన్‌వాడీలో ముప్పై ఏళ్లు పనిచేసి రిటైరైన టీచరమ్మ. ఇంకొకరు మీసేవ సెంటర్ నడిపే కుర్రాడు. ఊళ్లో అందరూ ఆపరేటర్ అనే పిలుస్తారు. పోయిన ఆదివారం జనం పల్చబడ్డాక ఇద్దరికీ మాటకు మాట పెరిగింది. పక్కనే ఉండి విన్నాను. గుర్తున్నంత వరకు రాస్తున్నాను.

టీచరమ్మ: ఒక మాట అడుగుతా బిడ్డా, ఏమనుకోకు. తిండిగింజల కోసం పెట్టుకునే దరఖాస్తు ఆన్‌లైన్‌లోనే పెట్టాలనడం న్యాయమేనా? ఇందాక వచ్చిన అవ్వకు ఓటీపీ అంటే ఏంటో తెలీదు. ఆమె ఆధార్‌కు ఉన్న నంబరు కొడుకుది. ఆ కొడుకు మస్కట్‌లో ఉన్నాడు. పంచాయతీ ఆఫీసులో ఒక మనిషి కూర్చుని, కాగితం తీసుకుని రసీదు ఇస్తే సరిపోదా?

ఆపరేటర్: కాగితం కాలం కూడా చూశాం కదా టీచరమ్మా. 2023 డిసెంబర్ 28 నుంచి 2024 జనవరి 6 దాకా ప్రజాపాలన అని పథకాలకు దరఖాస్తులు అడిగినప్పుడు ఊరూరా కాగితాలే తీసుకున్నారు. రాష్ట్రం మొత్తం మీద 1 కోటి 25 లక్షలకు పైగా వచ్చాయి. అసలు ఫారంలో రేషన్ కార్డుకు గడే లేదు. తెల్లకాగితం మీద రాసి ఇచ్చారు జనం. మీరే రాశారు ఎంతోమందికి. తర్వాత 2025 జనవరిలో గ్రామసభలు పెడితే మళ్లీ రాశారు. ఫిబ్రవరిలో మీసేవలో తీసుకుంటారని తెలిసి మా సెంటర్ ముందు పొద్దున ఆరింటికే క్యూ. అదే మనిషి, అదే కార్డు, మూడుసార్లు. మొదటి రెండుసార్లూ కాగితమే. ఆ కాగితం ఎవరి దగ్గర ఆగిందో మీరైనా చెప్పగలిగారా?

టీచరమ్మ: చెప్పలేకపోయాను. నిజమే.

ఆపరేటర్: కాగితం తీసుకున్నా చివరికి ఎవరో ఒకరు కంప్యూటర్లో కొట్టాల్సిందే. ఎదురుగా మనిషి లేకుండా, కట్టలు ముందేసుకుని రాత్రిళ్లు కొడితే తప్పులు పడవా? నా దగ్గరైతే ఆమె ఎదురుగా ఉంటుంది. స్పెల్లింగ్ అడుగుతాను, ఆధార్ చూస్తాను, రసీదు మీద నంబరు వస్తుంది. ఆ నంబరుతో ఆమె చెల్లెలు భీవండిలో కూర్చుని కూడా చూసుకోవచ్చు. మా నాన్న కాలంలో కార్డు కావాలంటే ఊరి పెద్ద చేత చెప్పించుకోవాలి, ఆఫీసులో గుమాస్తా దగ్గర చేతులు కట్టుకుని నిలబడాలి. కంప్యూటర్‌కు కులం తెలీదు, పార్టీ తెలీదు.

టీచరమ్మ: కంప్యూటర్‌కు మనిషి కూడా తెలీదు కదా! మన రాష్ట్రంలోనే 2016 నుంచి సుమారు 19 లక్షల కార్డులు తీసేశారు. కంప్యూటర్ ఇచ్చిన లెక్కలు చూసి తీసేశారు తప్ప, ఇంటికి వెళ్లి చూసింది లేదు. సమగ్ర వేదిక అని ఒక సాఫ్ట్‌వేర్ ఉంది. ఎవరికి కారుంది, ఎవరికి ఆస్తి ఉంది అని పేర్లు జతచేసి చూస్తుంది. హైదరాబాద్‌లో రిక్షా తొక్కే ఒకాయనకు అలాంటి పేరే ఉన్న ఇంకెవరిదో కారు అంటగట్టింది. ఆ ఇంటికి బియ్యం ఆగిపోయాయి. చివరికి సుప్రీంకోర్టు దాకా వెళ్తే, 2022 ఏప్రిల్‌లో కోర్టు చెప్పింది, తీసేసిన కార్డులన్నీ ఊళ్లలోకి వెళ్లి మళ్లీ తనిఖీ చేయండి అని. చూస్తే అర్హులే అని తేలిన ఇళ్లు వేలల్లో ఉన్నాయి. అన్ని రోజులు వాళ్లు ఏం తిన్నారు బిడ్డా?

(ఆపరేటర్ కాసేపు మాట్లాడలేదు. ఈ కోర్టు సంగతి అతనికి కొత్త కాదు. అతని మేనత్త కార్డు కూడా ఆ రోజుల్లోనే పోయింది.)

ఆపరేటర్: అది తీసేయడంలో జరిగిన తప్పు. నేను మాట్లాడేది పెట్టుకోవడం గురించి. రెండూ ఒక గాటన కట్టొద్దు. ఇంకో సంగతి కూడా చూడండి. రేషన్ షాపులో వేలిముద్ర తీసుకునే ఈ-పాస్ మిషన్ లేనప్పుడు, ఊళ్లో లేనివాళ్ల బియ్యం కూడా తీసుకున్నట్టు రాసుకోవడానికి వీలుండేది. ఇప్పుడు మన ఊరి కార్డు ఉన్నవాళ్లు హైదరాబాద్‌లో కూలికి వెళ్తే అక్కడి షాపులోనే తెచ్చుకుంటున్నారు. వేరే రాష్ట్రం వెళ్లినా కేంద్రం ఇచ్చే బియ్యం అక్కడే తీసుకోవచ్చు. కాగితం మీద కార్డు నడిచిన రోజుల్లో ఇది కలలో కూడా లేదు. 2013 ఆహార భద్రత చట్టం 12వ సెక్షన్‌లోనే కంప్యూటరీకరణ మాట ఉంది. ఇది మేము కనిపెట్టింది కాదు.

టీచరమ్మ: చట్టం నేనూ చదివాను. 13వ సెక్షన్ కూడా చదువు. ఇంట్లో 18 ఏళ్లు దాటిన ఆడవాళ్లలో పెద్దావిడే కార్డుకు యజమాని అని రాశారు. ఎందుకు రాశారు? పొయ్యి ముందు నిలబడేది ఆమె కాబట్టి. మరి ఆ యజమానికి అర్థమయ్యేలా ఉందా నీ స్క్రీన్? నువ్వు అప్లికేషన్ పెట్టేటప్పుడు నేను చూశాను. ఆమె కుర్చీ అంచున కూర్చుంటుంది. స్క్రీన్ నీ వైపు తిరిగి ఉంటుంది. నువ్వు అడుగుతావు, ఆమె చెబుతుంది. ఏం కొట్టావో ఆమెకు తెలీదు.

ఆపరేటర్: నిజమే, స్క్రీన్ తిప్పి చూపించాలి. నేను చూపించడం లేదు.

టీచరమ్మ: కిందటి నెల వచ్చిన మనిషి గుర్తుందా? పాత కార్డులో లచ్చమ్మ, ఆధార్‌లో లక్ష్మి, బ్యాంకు పుస్తకంలో లక్ష్మమ్మ. మూడూ ఆమే. పెళ్లిలో, బడిలో, బ్యాంకులో ఎవరి నోటికి వచ్చినట్టు వాళ్లు రాశారు. ఆమె తప్పు ఇందులో గోరంత లేదు. ముగ్గురు రాసిన తప్పు దిద్దడానికి ఆమె మూడు పూటల పని మానుకుంది. బీడీల చాట పక్కన పెడితే ఆ పూట కూలి పోయినట్టే. ఇక వేలిముద్ర సంగతి. నలభై ఏళ్లు తునికాకు చుట్టిన బొటనవేలు ఎలా ఉంటుందో ఎప్పుడైనా చేత్తో తడిమి చూశావా? పాలిష్ పట్టిన బండలా నున్నగా ఉంటుంది. గీతే ఉండదు. మిషన్ మీద పెడితే ఎర్రలైటు. చీర కొంగుకు తుడుచుకుని మళ్లీ పెడుతుంది. మళ్లీ ఎర్రలైటు. వెనక లైన్లో వాళ్లు విసుక్కుంటారు. ఆమె తనే ఏదో తప్పు చేసినట్టు నవ్వుతుంది. ఆ నవ్వు చూస్తే నాకు కడుపు తరుక్కుపోతుంది.

ఆపరేటర్: దానికి కంటిపాప స్కాన్ ఉంది కదా టీచరమ్మా. కరోనాలో, 2021లో, ఓటీపీ కూడా పెట్టారు.

టీచరమ్మ: పెట్టారు. ఓటీపీకి ఫోన్ నంబరు ఆధార్‌కు కలిసి ఉండాలన్నారు. కరోనా భయంలోనే ఆధార్ సెంటర్ల ముందు జనం బారులు తీరారు. ఒక తలుపు తెరిస్తే దాని వెనక ఇంకో తలుపు. ప్రతి తలుపుకూ తాళం చెవి పేదవాళ్లే తెచ్చుకోవాలంటున్నారు. నా గొడవంతా అదే.

ఆపరేటర్: నా వైపు నుంచి కూడా ఒకసారి చూడండి. మీరు ప్రతి ఒక్కరికీ ఫారం నింపి ఇస్తారు, సంతకం చోటు కూడా వేలితో చూపిస్తారు. ఇలా ఎన్నాళ్లు? ఆ ఇళ్లలో పదో తరగతి చదివిన పిల్లలు ఉన్నారు. రోజంతా ఫోన్ చూస్తారు. స్టేటస్ చూసుకోవడం వాళ్లకు నేర్పిస్తే మీ అవసరం, నా అవసరం రెండూ తగ్గుతాయి. చేతికి అందిస్తూ పోతే వాళ్లు ఎప్పటికీ మన మీదే ఆధారపడతారు.

టీచరమ్మ: నేర్పిద్దాం. పిల్లలను కూర్చోబెట్టు, నేనూ నేర్చుకుంటా. కానీ ముందు బియ్యం రావాలి. అంగన్‌వాడీలో మేము పిల్లకు గుడ్డు పెట్టాకే పలక ఇచ్చేవాళ్లం. ఆకలితో ఉన్న పిల్లకు అక్షరం ఎక్కదు, పెద్దవాళ్లయినా అంతే. ఒక్కో పేరుకు నెలకు 6 కిలోలు. ఇద్దరు పిల్లల పేర్లు కార్డులో లేకపోతే నెలకు 12, ఏడాదికి 144 కిలోలు. అది కూడా 2025 ఉగాది నుంచి సన్నబియ్యం. మార్కెట్లో కొనాలంటే ఎంతవుతుందో నీకు తెలుసు. పైగా కార్డు బియ్యానికి మాత్రమేనా? 200 యూనిట్ల ఉచిత కరెంటుకు అదే, గ్యాస్ సబ్సిడీకి అదే. ఒక్క పేరు ఆగితే ఇన్ని ఆగుతాయి.

ఆపరేటర్: పేరు ఆగేది నా దగ్గర కాదు కదా! నేను సబ్మిట్ నొక్కాక అది గిర్దావర్‌కు, అంటే రెవెన్యూ ఇన్‌స్పెక్టర్‌కు వెళ్తుంది, ఆయన విచారణ చేస్తే తహసీల్దార్‌కు, అక్కడి నుంచి జిల్లా పౌరసరఫరాల అధికారికి. ఆదాయం పల్లెలో లక్షన్నర, పట్నంలో 2 లక్షల లోపు ఉందా, తరి (నీళ్లు పారే భూమి) మూడున్నర ఎకరాలు, కుష్కి (మెట్ట భూమి) ఏడున్నర ఎకరాలు దాటిందా, ఇవన్నీ వాళ్లు చూడాలి. నేను తీసుకునే చార్జి ఎంట్రీ చేసినందుకు. నలభై మంది లైన్లో ఉంటే పోయిన నెల వాళ్ల ఫైలు ఎక్కడుందో నేను ఎలా చూడను?

టీచరమ్మ: నువ్వు చూడలేవు. ఆమెకు చూసుకోవడం రాదు. ఆఫీసు వాళ్లు పిలిచి చెప్పరు. మరి ఎవరు చూడాలి? నా ప్రశ్న అదొక్కటే. మూలింటి కోడలి సంగతే చూడు. పుట్టింటి కార్డులో పేరుంటే అత్తింటి కార్డులో ఎక్కదన్నారు. ఆధార్ నంబరు ఒక్క కార్డులోనే ఉండాలట. సరే అని పుట్టింటికి వెళ్లి అక్కడ పేరు తీయించుకుంది. అది మాత్రం వారంలో అయిపోయింది. ఇక్కడ ఎక్కించమంటే ఐదు నెలలైంది. రెంటికీ చెడ్డ రేవడిలా అయింది ఆ పిల్ల బతుకు. నాలుగేళ్ల కొడుకు పేరు కూడా ఆమెతోనే ఆగింది. రసీదు నాలుగు మడతలు పెట్టి, గ్యాస్ పుస్తకంతో పాటు ప్లాస్టిక్ కవర్లో పెట్టుకుని ప్రతి ఆదివారం తెస్తుంది. మడతల దగ్గర అంకెలు చెరిగిపోతున్నాయి.

ఆపరేటర్: 1967కు ఫోన్ చేయమని చెప్పాను.

టీచరమ్మ: చేసింది. నంబరు చెప్పమన్నారు. ఆమెకు ఇంగ్లీషు అంకెలు వరసగా చదవడం రాదు. పెట్టేసింది.

(ఇక్కడ ఎవరి పక్షమని అడిగితే నేను టీచరమ్మ పక్షమే. ఆన్‌లైన్ వద్దని నేను అనను. కానీ ఆన్‌లైన్ తెచ్చినవాళ్లు ప్రతి మండలంలో, పెట్టిన దరఖాస్తు కార్డయ్యే దాకా వెంటపడే మనిషిని కూడా జీతం ఇచ్చి పెట్టాలి. చట్టంలో ప్రతి జిల్లాకూ ఫిర్యాదులు చూసే అధికారి ఉండాలని 15వ సెక్షన్ చెబుతోంది. ఆ అధికారి ఎవరో మా బల్ల దగ్గరకు వచ్చిన ఒక్కరికీ తెలీదు.)

ఆపరేటర్ ఏమీ అనకుండా ల్యాప్‌టాప్ తెరిచాడు. మూలింటి కోడలిని పిలిపించారు. ఆమె కవర్లోంచి రసీదు తీసి మడతలు విప్పింది. చెరిగిన అంకె మూడో ఎనిమిదో తెలియక రెండుసార్లు కొట్టాల్సి వచ్చింది. ఈసారి స్క్రీన్‌ను ఆమె వైపు తిప్పాడు.

ఆపరేటర్: ఇదిగో, చూడు అక్కా. విచారణ అయిపోయింది. తహసీల్దార్ లాగిన్‌లో ఆగింది. తేదీ కూడా ఉంది, మూడు నెలల కిందటిది.

టీచరమ్మ: మూడు నెలలా! అంటే అర్హురాలని రాసి పంపాక కూడా అక్కడే పడి ఉందన్నమాట.

ఆపరేటర్: ఆన్‌లైన్ కాబట్టే ఎవరి దగ్గర ఎన్నాళ్లుగా ఉందో తెలిసింది. ఇది మాత్రం మీరు ఒప్పుకోవాలి టీచరమ్మా. కాగితమైతే ఏ బీరువాలో ఉందో వెతుక్కునేవాళ్లం.

టీచరమ్మ: ఒప్పుకుంటా. నువ్వు తిప్పి చూపించాక తెలిసింది, అది నువ్వు ఒప్పుకో. రేపు సోమవారం. కలెక్టరేట్‌లో జనం ఫిర్యాదులు తీసుకునే ప్రజావాణి ఉంటుంది. ఈ పేజీ ప్రింటు తీసివ్వు, ఈమెను వెంటబెట్టుకుని నేనే వెళ్తాను.

ఆపరేటర్: ఎన్ని కాపీలు తియ్యమంటారు?

టీచరమ్మ: రెండు. ఒకటి వాళ్లకు ఇస్తాం. రెండోదాని మీద ముద్ర వేయించి, తేదీ రాయించుకుని తెచ్చుకుంటాం.